పంతొమ్మిదో వారం

"ఇవ్వను. నన్ను విసిగించకు."

తలుపు అవతలి నుంచి అత్తగారు ఈ మాట అనడం ఇది నాలుగోసారి. నిన్న సాయంత్రం ఉత్తరం చదివి వినిపించగానే ఆవిడ లేచి, బల్ల మీదున్న పాత నవల పుస్తకాన్ని చంకలో పెట్టుకుని గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. రాత్రి అన్నానికి వచ్చింది, పుస్తకం రాలేదు. పొద్దున కాఫీకి వచ్చింది, పుస్తకం మాత్రం రాలేదు. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండయింది. సాయంత్రం నాలుగింటికి ఆ నవల రచయిత కూతురు ఇంటికొస్తోంది.

"అత్తయ్యా, ఆవిడ వచ్చి పుస్తకం చూపించమంటే నేనేం చెప్పను?"

"చెదలు పట్టిందని చెప్పు."

"నిన్నటి దాకా లేని చెదలు ఇవాళ ఎక్కడి నుంచొచ్చాయండీ?"

కోడలు తలుపుకి చెవి ఆనించింది. లోపల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. చదువుతోందా, దాస్తోందా, తెలియలేదు.

నాటక సమాజంలో కోడల్ని అందరూ బదులమ్మ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె పని అదే. ఎవరికి జ్వరమొస్తే వాళ్ళ బదులు, ఎవరు అలిగితే వాళ్ళ బదులు స్టేజీ ఎక్కాలి. రాణి వేషమైనా పనిమనిషి వేషమైనా మాటలన్నీ కంఠతా ఉండాలి. పోస్టరు మీద మాత్రం పేరుండదు. మరుసటి రోజుకి జ్వరం తగ్గితే మళ్ళీ తెర పక్కకే. అందరి మాటలూ నోటికొచ్చిన మనిషికి ఒక్క నాటకమూ సొంతం కాకపోవడమేమిటని ఒకనాడు ఆమెకే చిర్రెత్తుకొచ్చింది. ఇంట్లో ఉన్న ఆ పాత నవల తీసింది. నలభై ఒక్క పాత్రల్ని, ఒక కుర్చీ, ఒక శాలువా పెట్టుకుని ఒక్కతే గంటన్నరలో ఆడేలా రాసుకుంది. రాయడానికి రెండేళ్ళు పట్టింది. ఇక కావలసింది అనుమతికి ఒక్క సంతకం. రాసిన ప్రతిని పోస్టులో పంపింది.

ఆ సంతకం చెయ్యాల్సిన రచయిత కూతురు రాసిందే ఆ ఉత్తరం. "ఒక్కరే ఇందరిని ఎలా చేస్తారో చూడాలని ఉంది. అయితే పంతొమ్మిదో వారం అని మీరు రాసిన రంగం మా నాన్నగారిది కాదు. ఎక్కడిదది? ఆదివారం వస్తాను. చూశాకే సంతకం."

మీసం కొరుక్కుంటూ హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు భర్త. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి కాబట్టి, ఏ గొడవ వచ్చినా ముందు దుమ్ము తుడిస్తే అంతా కనబడుతుందని ఆయన నమ్మకం.

"ఇందులో అంత కంగారేముంది? ఆ నవల పత్రికలో వారం వారం వచ్చింది. ఎవరో కత్తిరించి, అమ్మ పనిచేసిన షాపులో బైండింగుకి ఇచ్చారు. ఒక వారం తక్కువైంది. అమ్మ ఇంకెవరి దగ్గరో ఉన్న కాపీ చూసి చేత్తో ఎక్కించింది. అప్పుడేదో పొరపాటు జరిగి ఇంకో సీరియల్ ముక్క ఇందులో పడుంటుంది."

"ఇంకో సీరియల్లో కూడా అదే లాంచీ రేవు, అదే టికెట్ల కిటికీ, అదే మెకానిక్కూ ఉంటారా?"

ఆయన ఇంకో కుర్చీ తుడిచాడు.

"పోనీ, అచ్చయిన నవల ఎక్కడైనా కొనుక్కుని చూసుకోవాల్సింది," అన్నాడు.

"ముప్ఫై ఏళ్ళుగా ఎక్కడా దొరకట్లేదని మీకు తెలీదా? పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగినప్పుడు స్కూటరు నడిపింది మీరే కదా?"

"నేనన్నది..."

"మీరేమీ అనకండి. ఆ కుర్చీ గోడకి జరపండి చాలు."

ఆయన జరిపాడు. కొంచెం గట్టిగానే జరిపాడు.

ఆ రంగమంటే బదులమ్మకు ప్రాణం. నవల పద్దెనిమిదో వారం చివర, ఊరు విడిచిపోతున్న లాంచీ మెకానిక్కు టికెట్ల కిటికీ దగ్గరకొచ్చి, నాతో వచ్చేస్తావా అని అడుగుతాడు. ఇరవయ్యో వారం మొదట్లో టికెట్లమ్మే ఆమె ఎప్పటిలాగే కిటికీ తెరుస్తుంది. లాంచీ వెళ్ళిపోయి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో ఆ చేతిరాత పేజీల్లో ఉంది. ఆ రాత్రి ఆమె అతని కోటుకి ఊడిపోయిన గుండీ కుడుతూ, ఎందుకు రాదో చెబుతుంది. రెండేళ్ళలో ఆ పేజీలు చదివి ఏడవని రోజు లేదు. గంటన్నర నాటకానికి ఆయువుపట్టు అదే. అది తీసేస్తే మిగిలిందంతా తొందర తొందరగా కథ ఒప్పజెప్పినట్టే ఉంటుంది.

వేచి ఉండడం చేతకాక, హాలు మధ్యలో నిలబడి ఆ రంగమే మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చుని శాలువాని ఒళ్ళో కోటులా పరుచుకుంది. లేని సూది పట్టుకుంది, లేని దారం తీసింది. మైనం ముద్ద మీద దారాన్ని రెండుసార్లు లాగింది. మొదటి కుట్టు వేసి, దారాన్ని పైకి లాగకుండా పక్కకి, మడత వెంబడి లాగింది. అలా అని పేజీల్లో రాసి ఉంది. వందసార్లు అలాగే చేసింది కూడా.

ఈసారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమండీ, మీ చొక్కాకి గుండీ ఊడితే నేనెలా కుడతాను?"

"ఎప్పుడు కుట్టావు?"

"సరిగ్గా చెప్పండి!"

"అందరూ కుట్టినట్టే. దారం పైకి లాగుతావు."

"మరి పక్కకి ఎవరు లాగుతారు?"

ఆయన ఆలోచించాడు. "పక్కకి లాగేది అమ్మ. పైకి లాగితే కాగితం చిరుగుతుందంటుంది. బైండింగులో దారానికి మైనం పట్టించి..."

మాట పూర్తికాకముందే బదులమ్మ లేచి తలుపు దగ్గరకు వెళ్ళింది. ఈసారి తలుపు కొట్టలేదు. గొంతు కూడా తగ్గించింది.

"అత్తయ్యా, ఒక్కటి అడుగుతాను. లాంచీ టికెట్లమ్ముకునే మనిషి గుండీ కుట్టడానికి దారానికి మైనం ఎందుకు రాస్తుందండీ?"

లోపల కాగితాల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి గడియ తీసిన శబ్దమైంది.

అత్తగారు మంచం మీద కూర్చుంది, పుస్తకం ఒళ్ళో ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు బైండింగు షాపులో పుస్తకాలు కుట్టిన చేతులు ఇప్పుడు అట్ట మీద ఊరికే ఉండలేక కదులుతున్నాయి.

"మైనం సంగతి నాకు తట్టనే లేదు," అంది చివరికి. "అంత జాగ్రత్తగా రాశాననుకున్నాను."

"మీరే రాశారా?"

"అరవకు. వాడు వింటాడు."

వాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. "అమ్మా! నువ్వు రచయిత్రివా?" అని పగలబడి నవ్వాడు.

అత్తగారి ముఖం మాడిపోయింది. బదులమ్మ వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆయన నవ్వు సగంలో మింగేసి, కుర్చీల పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

"అదిగో, అందుకే చెప్పలేదు ఎవరికీ," అంది అత్తగారు. "నవ్వుతారు. లేకపోతే తిడతారు. మా యజమాని అయితే చెయ్యి విరగ్గొట్టేవాడు. పరాయివాళ్ళ పుస్తకంలో బైండరు చుక్క కూడా పెట్టకూడదు. అది మాకు మొదటి రోజే చెప్పే మాట."

"మరెందుకు రాశారు?"

"ఏదైనా వారం తక్కువైతే మేం ఆ వారానికి సరిపడా ఖాళీ కాగితాలు పెట్టి కుట్టేస్తాం. దొరికినప్పుడు అతికించుకుంటారని. ఇది ఇచ్చినాయన మళ్ళీ రాలేదు. నేను ఇంటికి తెచ్చుకునేదాకా ఏడు నెలలు షాపు అలమరలో ఉండిపోయింది. భోజనాల వేళ తీసి చదివేదాన్ని. పద్దెనిమిది అయ్యాక ఖాళీ కాగితాలు. ఎన్నిసార్లు చదివినా అక్కడికొచ్చేసరికి ఖాళీ. వాడు అడిగాడు, ఈవిడ ఏమందో తెలీదు. నాకప్పటికి పెళ్ళి కాలేదు. ఆవిడ ఏమందో తెలుసుకోకుండా ఎలా ఉండనూ? ఒకరోజు పెన్ను పెట్టాను. సాయంత్రానికి అయిపోయింది."

"ఒక్క పూటలోనా?"

"ఏడు నెలలు ఆలోచించానుగా."

బదులమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండేళ్ళు తను ఈ మనిషి ఎదురుగానే కూర్చుని ఆ రంగం వల్లె వేసింది. ఈవిడ ఒక్కరోజైనా నోరు విప్పలేదు.

"నాకైనా చెప్పచ్చు కదా అత్తయ్యా. ఇప్పుడు ఆవిడ ముందు నేను దొంగనయ్యాను."

"చెబుదామనే అనుకున్నా. మొదటిసారి నువ్వది చేసి చూపించిన రోజు, ఇంత గొప్పగా రాశాడు మహానుభావుడు అన్నావు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది." అత్తగారు తల దించుకుంది. "అది తీసెయ్. నా ఊసెత్తకు. ఎక్కడో తప్పు జరిగిందని చెప్పి సంతకం తీసుకో. నీ నాటకం ఆగకూడదు."

"తీసేస్తే నాటకంలో ఏం మిగులుతుంది?"

"నువ్వు మిగులుతావు. ఇన్నాళ్ళు అడిగింది అదే కదా?"

బదులమ్మ గడియారం చూసుకుంది. రెండున్నర.

నాలుగింటికి అయిదు నిమిషాల ముందే రచయిత కూతురు వచ్చింది. అరవై దాటిన సన్నటి మనిషి. సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరయిందట. కుర్చీలో కూర్చుంటూనే సంచిలోంచి అచ్చు పుస్తకం, బాగా చెక్కిన పెన్సిలు తీసింది. మంచినీళ్ళు కూడా వద్దంది.

"ముందు ఆ రంగం సంగతి చెప్పండి."

"పొరపాటండీ," అంది బదులమ్మ. "మా ప్రతిలో ఎక్కడిదో కలిసిపోయింది. తీసేశాను."

"మంచిది. కానివ్వండి."

వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అత్తగారు నేల చూపులు చూస్తోంది. భర్త గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బదులమ్మ మొదలుపెట్టింది. శాలువా భుజాన వేసుకుంటే టికెట్లమ్మే ఆమె, తలకి చుడితే మెకానిక్కు, రెండు చేతులా బారుగా పట్టుకుంటే లాంచీని రేవుకి కట్టే మోకు. చేపలమ్మే ముసలాయన వచ్చినప్పుడు రచయిత కూతురు పెదవి కదిలింది. పెన్సిలు మాత్రం అచ్చు పుస్తకంలో వరుస వెంట వరుస నడుస్తూనే ఉంది. ఒక్కచోట కూడా ఆగలేదు. సంతకం వచ్చేసినట్టే అనిపించి బదులమ్మ గుండె తేలికపడింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఎవరి బదులూ కాకుండా నిలబడింది.

పద్దెనిమిదో వారం వచ్చింది. మెకానిక్కు కిటికీ దగ్గర వంగి అడిగాడు, నాతో వచ్చేస్తావా అని. ఇక్కడ మూడు ఊపిర్లు ఆగి, శాలువా సర్దుకుని, మర్నాటి పొద్దున్నకి వెళ్ళిపోవాలి. అలా చెయ్యాలని మధ్యాహ్నమే నిర్ణయించుకుంది.

మొదటి ఊపిరి తీసింది. రెండోది తీసింది.

"కోటు ఇలా ఇవ్వు. గుండీ ఊడింది."

ఆ గొంతు వంటింటి గుమ్మం వైపు నుంచి వచ్చింది. అత్తగారు లేవలేదు. తలెత్తలేదు. ఒళ్ళో ఏమీ లేకపోయినా చేతులు దారం తీసి, మైనం రాసి, కుట్టడం మొదలుపెట్టాయి.

"నువ్వు వెళ్ళే ఊళ్ళన్నీ చెప్పావు. ఒక్కో ఊరి రేవు ఎంత లోతో కూడా చెప్పావు. నేను రోజూ కూర్చునే ఈ చోటు ఎలా ఉంటుందో ఒక్కసారైనా అడిగావా? ఈ కిటికీలోంచి నాకు మనుషుల చేతులే కనిపిస్తాయి. మొహాలు కనబడవు. ఏ చెయ్యి వణికితే ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పగలను. నీ చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఇవాళ కూడా."

ఎక్కడా గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్నవాళ్ళతో చెప్పినట్టే చెబుతోంది. బదులమ్మకు ముందు ఒళ్ళు మండింది. తన నాటకం, తన ఊపిరి, తను ఆగిన చోటు. తర్వాత ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. రచయిత కూతురి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుని వినసాగింది. తను ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఏడ్చింది. ఏడవక్కర్లేదని ఇప్పుడు తెలిసింది.

అత్తగారు దారం తెంపి, లేని కోటుని దులిపి, లేని మనిషికి అందించింది.

"వేసుకో. అవతల చలిగా ఉంటుంది."

అంతే. పెన్సిలు ఎప్పుడు ఆగిందో గానీ, అచ్చు పుస్తకం రచయిత కూతురి ఒళ్ళో మూసుకుపోయి ఉంది.

"తర్వాత?" అంది రచయిత కూతురు.

అత్తగారు తడబడింది. "తర్వాతది మీ నాన్నగారే రాశారు కదమ్మా."

"అవును. రాశారు." ఆవిడ పుస్తకం వైపు చూసింది. "అసలు పంతొమ్మిదో వారంలో ఏముందో తెలుసా మీకు?"

"తెలీదమ్మా. ఎక్కడా దొరకలేదు."

"నది ఉంది. ఎనిమిది పేజీలు నదే. లాంచీ ఇంజను ఎలా కదిలింది, పొగ ఎటు పోయింది, అన్నీ ఉన్నాయి. ఆమె లేదు. ఆ వారం ఆమె ఎక్కడా లేదు. చిన్నప్పుడు నేనడిగాను, నాన్నా, ఆవిడ ఏమంది అని. ఏమందో నాకు తట్టలేదమ్మా, అందుకే నది రాశాను అన్నారు." అత్తగారి వైపు తిరిగింది. "ఇది మీరెప్పుడు రాశారు?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఈసారి ఆయన నవ్వలేదు.

"నలభై తొమ్మిదేళ్ళయింది. తప్పే. పరాయి పుస్తకంలో రాయకూడదు."

"తప్పు సంగతి నాకు తెలీదు. నేను చెప్పేదొక్కటే." రచయిత కూతురు బదులమ్మ వైపు తిరిగింది. "మీరు బాగా చేశారు. ఆ రంగం లేకుండా, ఇవాళ మీరు అనుకున్నట్టే ఒక్కరే ఆడతానంటే ఇప్పుడే సంతకం పెడతాను. ఆ రంగం కావాలంటే అది మా నాన్నది కాదు కాబట్టి మీ నోట వద్దు. ఈవిడే స్టేజీ మీద కూర్చుని చెప్పాలి. పోస్టరు మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. దానికీ సంతకం పెడతాను."

"నేనా? ససేమిరా!" అని అత్తగారు స్టూలు మీంచి లేచిపోయింది. "అది ఆమె నాటకమమ్మా. ఒక్కతే ఆడాలని పట్టుబట్టి రాసుకుంది. నా బోటిది మధ్యలో కూర్చోవడమేమిటి?"

"నేనడిగింది మీ కోడల్ని."

ముగ్గురూ బదులమ్మ వైపే చూస్తున్నారు. ఏ సమాధానం ఇస్తే మంచి కోడలనిపించుకుంటుందో ఆమెకు తెలుసు. ఏది ఇస్తే నాటకం మెరుగవుతుందో అది కూడా తెలుసు. రెండింటికీ ఒకటే జవాబు. కానీ కళ్ళ ముందు పోస్టరు కనిపించింది. అందులో ఒక్క పేరే ఉంది.

"ఒక్కదాన్నే ఆడతానండీ," అంది. "ఆ రంగం తీసేస్తాను."

"మంచిది," అంది రచయిత కూతురు. ఆ మంచిదిలో ఏముందో బదులమ్మకు అంతుపట్టలేదు. ఆవిడ సంతకం పెట్టి, పెన్సిలు సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర అత్తగారి రెండు చేతులూ పట్టుకుని ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది. బస్సు దాకా దిగబెట్టడానికి భర్త వెంట వెళ్ళాడు.

బల్ల మీద సంతకమైన కాగితం ఉంది. బదులమ్మ దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. సంతోషం రావాలి, ఎదురు చూసింది.

వంటింట్లో అత్తగారు గ్లాసులు కడుగుతోంది. అలిగిన చప్పుడు కాదు, రోజూ కడిగే చప్పుడే.

"మంచి పని చేశావు," అంది వెనక్కి తిరక్కుండా. "నేనైనా అదే అనేదాన్ని."

"అత్తయ్యా, మీరు మధ్యలో..."

"పొరపాటున వచ్చేసింది. ఆ ఖాళీ చూసి ఉండబట్టలేకపోయాను. కోప్పడ్డావా?"

"లేదండీ."

అత్తగారు గ్లాసు బోర్లించింది. రెండోది తీసుకుంది, కడగలేదు. పంపు నీళ్ళు ఊరికే పోతున్నాయి.

"అమ్మాయ్," అంది.

"చెప్పండి."

"ఊరికే అడుగుతున్నా, ఏమీ అనుకోకు. నేను బాగా చెప్పలేదా?"